ఎనిమిదో గాటు

చెరువు తూము దగ్గరి రాతిస్తంభానికి పన్నెండు గాట్లున్నాయి. పోలీసు యాక్షన్ అయి పదకొండేళ్లు నిండిన ఆ ఏడు, కార్తీకం వెళ్లేసరికి నీళ్లు ఎనిమిదో గాటు దగ్గర నిలిచాయి.

యాసంగి పంటకు తైబందీ చేసుకోవాలని రైతులంతా కట్టమీద కూర్చున్నారు. ఉన్న నీటికి ఎంత మడి పారుతుందో తేల్చి, అంతే నాటేసి, ఆ మడినే అందరూ పంచుకోవడం లక్సెట్టిపేట పక్కనున్న ఆ ఊరి పద్ధతి.

చెరువు నీళ్లు పంచే నీరటి మొండయ్య గాట్లు చూసి వచ్చాడు. "సగం ఆయకట్టే. గంతకు మించి గుంట గూడ పారది."

వడ్ల వ్యాపారి లింగమూర్తి నవ్వాడు. గింజ కొరికి తేమ చెప్పగలవాడు, బండిని చూసి బస్తాలు చెప్పగలవాడు. చివరి మడుల్లో ఆయనకూ ఎకరం ఉంది.

"ఇంకా మీ తాత లెక్కేనా మొండయ్యా? సర్కారోళ్లు కొత్త కాలువకు రాళ్లు పాతిపోయిరి. మాఘంల నీళ్లిడుస్తమన్నరు. పూరా నాటెయ్యిండ్రి."

"రాళ్లు పారుతయా, సేటూ?"

"పూరా పండితే నీ కూలి మోపులే ఎక్కువైతయ్ గద! నీకేం ఫికర్?"

కట్టమీద అందరూ నవ్వారు. "సేటు లెక్క తప్పది. నేను గూడ నాటేస్త" అంది కొమురవ్వ. లింగమూర్తి మడి కిందే ఆమెది అరెకరం. మొగుడు పోయాక ఆమె బతుకంతా దానిమీదే.

ఆయకట్టంతా నాట్లు పడ్డాయి. మాఘం వచ్చింది, కాలువ రాలేదు. లింగమూర్తి లక్సెట్టిపేట పోయి అడిగాడు. గుట్ట దగ్గర తవ్వకం ఆగిందట. వచ్చే ఏడు చూద్దామన్నారు.

తిరిగొస్తూ దారిలో లెక్క మళ్లీ వేశాడు. ఎకరానికి రెండు మోపుల వరి నీరటి కూలి. సగం ఆయకట్టంటే మొండయ్య మోపులూ సగమే. తన నోటితో తన కూలి తగ్గించుకునేవాడు అబద్ధం ఎందుకు చెబుతాడు? ముప్పై ఏళ్లుగా ఎదుటివాడి మాటను లింగమూర్తి అలాగే తూచాడు. ఆ ఒక్కనాడే తూచలేదు.

ఫాల్గుణంలో నీళ్లు రెండో గాటుకు దిగాయి. వరి పొట్టమీద ఉంది, గింజ ఇంకా పడలేదు.

"ఇగ తూము మూస్తున్న. గీ రెండు గాట్లు పశువులకు, మనకు. వాన పడేదాక గివే" అన్నాడు మొండయ్య.

"ఒక్క తడి. ఒక్క తడి దొరికితే నా అరెకరం గట్టెక్కుతది గద, సేటూ?" అంది కొమురవ్వ.

అందరూ లింగమూర్తి వైపు చూశారు. ఆ తడి ముందు ఆయన ఎకరంలో పారి, తర్వాతే ఆమె మడికి దిగాలి. ఖర్చు ఒక గాటు. ఒక గాటంటే ఊరి పశువులకు నెలన్నర.

"మూసెయ్, మొండయ్యా."

మొండయ్య దిగి తూము మూశాడు. తూము కింది పిల్లకాలువలో నీళ్ల చప్పుడు ఆగింది. ఎవరైనా తిడతారని లింగమూర్తి కాసేపు నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాడు. ఉప్పు ఎక్కువైందని కోడలు చెబితే గాని తెలియలేదు.

తెల్లారి కొమురవ్వ కొడవలి పట్టుకొని గట్టుమీదికొచ్చింది.

"ఇయ్యాల కొయ్యాల్నా, నాలుగొద్దులు ఆగాల్నా, సేటూ?"

"ఇయ్యాలనే కొయ్యి. పచ్చిగ ఉంటెనే పశువులు తింటయ్."

ఈ లెక్కనూ ఆమె నమ్మింది. కాలువకని పాతిన రాతిమీద కొడవలి నూరుకుని మడిలోకి దిగింది. లింగమూర్తి ధోతి పైకి చెక్కుకుని తన మడిలోకి దిగాడు.

పొద్దెక్కేసరికి తన ఎకరానికి నీరటి కూలి లెక్కగా రెండు మోపులు కట్టి గట్టుమీద పెట్టాడు. గింజ లేని మోపులు. మొండయ్య వచ్చాడు. వద్దనలేదు. ఒకటి తలకెత్తుకుని పోయి, మళ్లీ రెండోదానికి వచ్చాడు.