గంప కింద వడ్డాణం

కోళ్ళగంప ఎత్తేసరికి వీరబ్రహ్మం గారికి గుండె ఆగినంత పనైందండి. కింద కొబ్బరి డొక్కల మీద, పసుపు గుడ్డలో చుట్టి, బంగారు వడ్డాణం.

గబుక్కున గంప మళ్ళీ బోర్లించేసి వీధి అటూ ఇటూ చూశారు. మిట్టమధ్యాహ్నం ఎండ, కుక్క కూడా లేదు. ఎవరో తనని ఇరికించడానికే పెట్టారని మొదటి అనుమానం. ఎక్కడో నక్కి ఫోన్లో వీడియో తీస్తున్నారేమోనని ఆ వెంటనే ఇంకోటి.

వడ్డాణం ఎవరిదో అడగక్కర్లేదు. పక్కింటి ఉషారాణిది. పొద్దున్న బీరువాలో కనపడలేదని ఆవిడ పెట్టిన కేకలు టిఫిన్ బండి దాకా వినపడ్డాయి. ఆ ఇంట్లో పనిచేసే ఏసమ్మని అప్పట్నుంచీ వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టేశారు. చీకటిపడేలోగా వస్తువు బయటపెట్టకపోతే పోలీసులకి అప్పజెప్తామన్నారు.

అసలు ఈ గంప సంగతి మీకు చెప్పాలి.

వీరబ్రహ్మం గారు రిటైరైన న్యూస్ రీడరండి. పెద్ద టీవీల్లో కనపడే టైపు కాదు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో, లోకల్ కేబుల్లో సాయంత్రం వార్తలు చదివేవారు. కాలవకి నీళ్ళెప్పుడు వదుల్తారు, కరెంటు ఎప్పుడు తీస్తారు, ఎవరి గేదె తప్పిపోయింది... ఇలాంటివి. వార్తలు చదువుకునే మనిషి చేత జనం ఇంకేవేవో పనులు చేయించేసుకున్నారు. పరీక్ష పోయి ఇంట్లోంచి పారిపోయిన కుర్రాళ్ళు తిన్నగా ఆయన దగ్గరికే వచ్చేవారు, "మా నాన్న కొట్టనని టీవీలో చెప్తేనే ఇంటికెళ్తానండి" అని. సంబంధం వస్తే "పెళ్ళికొడుకు తాగుతాడాండీ?" అని ఈయన్నే అడిగేవారు.

అన్నిట్లోకీ వింత ఈ గంప. ఒకసారి ఎవరి పొలంలోనో మోటారు స్టార్టర్ పోతే, ఈయన వార్తల చివర ఆవేశంగా అనేశారు: "తీసినవారు ఎవరైనా సరే, మధ్యాహ్నం మా ఆఫీసు మెట్టు మీద బోర్లించిన గంప కింద పెట్టి వెళ్ళిపోండి. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు."

మర్నాటికి స్టార్టర్ వచ్చేసిందండి! ఇంక అక్కణ్ణుంచి ఇత్తడి బిందెలు, వాచీలు, ఓసారి పందెం కోడి కూడా. అది సరిగ్గా వార్తలు చదువుతుంటే కూసింది. కానీ ఆయన ఒక్కనాడు తొంగిచూస్తే ఒట్టు. మధ్యాహ్నం తలుపేసుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు.

కేబుల్ మూతబడ్డాక గంపని ఇంటికి తెచ్చి వీధరుగు మీద పడేశారు.

"రామతులసీ, ఇలా రా," అని భార్యని పిలిచి గంప ఓరగా ఎత్తి చూపించారు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. "అమ్మబాబోయ్! పొద్దున్న నేను డొక్కలు తీసినప్పుడు లేదండీ!"

ఆయన ఆవిడ వంక అదోలా చూశారు. "నువ్వు గాని..."

"ఆఁ, నా నడుం చూశారా? ఆ వడ్డాణం నాకు సగం దూరం కూడా రాదు. అనుమానానికైనా ఓ కొలత ఉండాలి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మనకెందుకండీ! గోడ మీంచి వాళ్ళ దొడ్లో గిరాటెయ్యండి. పాతకాలం మోడలంట, రేపు కంసాలికిచ్చి కరిగించేస్తానని ఉష నిన్నే చెప్పింది," అంది.

గిరాటేస్తే ఏసమ్మే పొద్దున్న తీసి దొడ్లో దాచిందంటారు. ఆవిడ పొద్దుట్నుంచీ నలుగురి కళ్ళముందే కూర్చుంది కాబట్టి ఇక్కడ పెట్టింది ఆవిడ కాదు. పైగా ఆవిడ ఉప్పాడ వైపు మనిషి, కేబుల్ పోయాక వచ్చింది. గంప సంగతే తెలీదు. మరెవరు? ఉష మొగుడు రాజేంద్ర ఎప్పుడూ ఫోన్లో గుసగుసలాడుతుంటాడు, వాడేనా? ఆయనకి వీధిలో ప్రతి తలుపూ ఓరగా తీసి ఉన్నట్టే అనిపించింది.

ఆఖరికి గంప చంకలో పెట్టుకుని, వడ్డాణం చేత్తో పట్టుకుని బయల్దేరారు.

అరుగు మీద ఏసమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఆవిడకి ఎదురుగా ఉష అత్తగారు మహాలక్ష్మమ్మ గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"ఉషమ్మా, ఇదిగో. మా గంప కింద ఉంది."

ఉష పరిగెత్తుకొచ్చి లాక్కుంది. ఆ తర్వాతే మొహం మారింది. "మీ ఇంటికెలా వచ్చింది బాబాయ్ గారూ?"

"ఎవరో పెట్టారు. చూళ్ళేదు."

రాజేంద్ర నవ్వాడు. "చూళ్ళేదా? ఏసమ్మ మనిషెవడో పెట్టుంటాడు. లేకపోతే మీకూ ఆవిడకీ ఏదైనా..."

"ఒరేయ్! నా గొంతు విని పెరిగావురా నువ్వు!"

"అందుకే అడుగుతున్నానండి. ఊళ్ళో పోయినవన్నీ మీ దగ్గరికే ఎందుకొస్తాయి?"

వీరబ్రహ్మం గారు చంకలో గంప వంక చూసుకున్నారు. ఇన్నేళ్ళూ ఊరు తనని నమ్మిందనుకున్నారు. ఎన్ని ఇళ్ళల్లో ఇలా అనుకున్నారో! అప్పుడే ఇంకోటి కూడా గమనించారు. అందరూ వడ్డాణం వంక చూస్తున్నారు. మహాలక్ష్మమ్మ గారొక్కరే తలెత్తట్లేదు. తీసిన కాయకే మళ్ళీ మళ్ళీ ఈనె తీస్తున్నారు. ఒకప్పుడు సాయంత్రమయ్యేసరికి టీవీలో ఆయన వార్తల ముందు కుర్చీ వేసుక్కూర్చునేవారు ఆవిడ.

"సర్లే, దొరికిందిగా," అని ఉష ఏసమ్మ వైపు తిరిగింది. "నువ్వెళ్ళు ఇంక."

ఏసమ్మ కదల్లేదు.

"వెళ్ళమంటున్నానా!"

"వెళ్ళనండి. వస్తువు గంప కింద పెట్టారు, బానే ఉంది. నా పేరు ఏ గంప కింద పెట్టారండి? రేపు ఇంకో ఇంటికి పనికెళ్తే వడ్డాణం ఏసమ్మనే కదండీ నన్ను పిలిచేది?"

ఆ మాట వీరబ్రహ్మం గారికి ఎక్కడో తగిలింది. స్టార్టర్ పోయినప్పుడు అందరూ అనుమానపడ్డ పాలేరు సత్తియ్య గుర్తొచ్చాడు. స్టార్టర్ తిరిగొచ్చింది గాని సత్తియ్యని మళ్ళీ ఎవరూ పొలంలోకి రానివ్వలేదు.

గంప తీసి ఏసమ్మ పక్కన పెట్టారు. ఈసారి బోర్లించలేదు, వెల్లకిలా.

"చూసేవాళ్ళు లేరన్నాను. నేను చూళ్ళేదు, ఎవరి పేరూ చెప్పను," అన్నారు. "కానీ అడిగేవాళ్ళు లేరని కూడా అన్నాను. అది తప్పైపోయింది. అడిగే మనిషి ఇదిగో, ఇక్కడ కూర్చుంది."

చిక్కుడుకాయలు నేలమీద పడ్డాయి.

"నేనే," అన్నారు మహాలక్ష్మమ్మ గారు. "కరిగించేస్తానంది. అది మా అత్తగారు నా నడుముకి పెట్టింది. కంసాలి వచ్చి వెళ్ళేదాకా దాద్దామనుకున్నా. ఈలోపు దీన్ని కూర్చోబెట్టేశారు. చెబ్దామంటే కోడలి ముందు నోరు పెగల్లేదు. అందరూ భోజనాలకి లేచినప్పుడు మా బ్రహ్మం గంప గుర్తొచ్చింది."

"అత్తయ్యా!" అని ఉష, "అమ్మా!" అని రాజేంద్ర.

ఏసమ్మ మాత్రం ఆవిడ చేతుల వంకే చూసింది. "పొద్దుట్నుంచీ నా ఎదురుగానే ఉన్నారు కదండీ. మధ్యలో మంచినీళ్ళు కూడా ఇచ్చారు," అంది. చెప్పులేసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఇంటికి పనికి రాలేదు.

ఆ సాయంత్రం వీధి వాట్సాప్ గ్రూపులో ఓ వాయిస్ మెసేజ్ వచ్చిందండి. నేనూ విన్నాను. ఆ పాత గొంతే. "నమస్కారం. వార్తలు చదువుతున్నది వీరబ్రహ్మం. ఈ ఉదయం కనపడకుండా పోయిన వడ్డాణం దొరికింది. అది ఏసమ్మ తియ్యలేదు. మళ్ళీ చెప్తున్నాను, ఏసమ్మ తియ్యలేదు." అంతే. ఇన్నేళ్ళ గంప వార్తల్లో పేరు పెట్టి చదివింది అదొక్కటే.

కింద టకటకా మెసేజులు పడ్డాయి: మరి తీసిందెవరు? మీకెలా తెలుసు? మీ ఇంట్లో దొరికిందంట కదా?

ఆయన ఫోన్ కట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.