కోట మీంచి కనిపించే కిటికీ

"గోడ పక్కనున్న తాడు వదలకండమ్మా. ఈ మెట్లు కట్టినవాడికి మీ మోకాళ్ళ మీద బొత్తిగా జాలి లేదు," అన్నాడు వాటీ గిల్‌క్రిస్ట్, వెనక్కి తిరగకుండానే.

వెనకాల కోట చూడ్డానికొచ్చినవాళ్ళ నవ్వులు వినిపించాయి. మెలికలు తిరుగుతూ పైకి పోయే ఆ రాతిమెట్లు ఒక్కొక్కటీ మధ్యలో అరిగి గుంటపడ్డాయి. వాటీ బూట్లకి ఎక్కడ అడుగు పడాలో అతను చెప్పనక్కర్లేదు. పొట్టి మనిషి, వెడల్పాటి వీపు. ఆర్డన్ కోటవాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు భుజాల దగ్గర పట్టేస్తుంది. కుడిచేతి చూపుడువేలికి కొస లేదు. కుర్రతనంలో చేపల పడవ మీద తాడు లాగుతుంటే పోయింది. మా ఊరి పడవలన్నీ అమ్ముడుపోయాక కోటలో గడ్డి కొయ్యడానికి చేరాడు. వచ్చినవాళ్ళకి కోట చూపించే ముసలాయన పని మానేస్తే, యంత్రం పక్కన పెట్టి ఆయన చోట నిలబడ్డాడు. కోట కథలన్నీ రాత్రిపూట భార్య నెట్టా అప్పజెప్పించుకుంది, బడిపిల్లాడి చేత చెప్పించినట్టు.

కోట దిగువన రోడ్డు పక్కనే వాళ్ళిల్లు. ఇల్లు దాటితే పాత చర్చి. ఆ చర్చి తాళంచెవి నెట్టా తల్లి దగ్గర్నుంచి నెట్టా చేతికొచ్చింది. ఎవరొచ్చి తలుపు తట్టినా, చేతికంటిన పిండి ఏప్రన్‌కి తుడుచుకుంటూ వెళ్ళి తీసేది. చలికాలం మొదలైనప్పుడు ఆమె మంచాన పడింది. అప్పట్నుంచీ తాళంచెవి వాటీ జేబులోనే ఉంటోంది.

ఆ రోజు పొద్దున నర్సు వచ్చి చూసి, వాటీని వంటింట్లోకి పిలిచి, ఇవాళో రేపో అంది. వాటీ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. నెట్టా కళ్ళు తెరిచింది.

"పనికి పోలేదేం?"

"ఉంటాలే ఇవాళ."

"పో. నువ్విలా గుడ్లప్పగించి కూర్చుంటే నేను నిజంగానే చచ్చిపోతున్నట్టుంది."

నెట్టా అక్క మోయ్రా తను ఉంటానంది. వాటీ కోటు తగిలించుకున్నాడు. బయటికొచ్చి గాలి మొహానికి తగలగానే ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది. ఆమె చివరి ఊపిరప్పుడు దగ్గరుండాలనీ ఉంది, ఉండలేననీ ఉంది. ఆ రెండిటినీ మోసుకుని రోజూలాగే పనిలోకి వచ్చేశాడు.

మధ్యాహ్నం వచ్చినవాళ్ళు కాస్త హుషారైన మనుషులు. వాళ్ళకి పొయ్యిగది చూపించాడు. గోడలో రాతికి కంతపెట్టి కట్టిన మరుగుదొడ్డి చూపించి, "దొరగారైనా సరే, జనవరి గాలికి ఇక్కడే కూర్చోవాలి. అందుకే ఆ రోజుల్లో యుద్ధాలు అంత కోపంగా చేసేవారు," అన్నాడు. అందరూ నవ్వారు. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ మరీ గట్టిగా నవ్వింది. ఆ హాస్యపు ముక్క నెట్టా అల్లిపెట్టిందే.

బురుజు మీదికి చేరారు. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. వాటీ గోడంచున నిలబడి, ఇంగ్లండు సైన్యం ఏ వైపునుంచి వచ్చిందో చూపించడానికి చెయ్యెత్తాడు. ఆ చేతి కిందే అతని ఇంటి కప్పు, పొగగొట్టం, పడకగది కిటికీ. ఆ కిటికీ బార్లా తెరిచి ఉంది. తెర బయటికొచ్చి గోడకి కొట్టుకుంటోంది.

ఇంత చలిలో ఎవరూ కిటికీ తియ్యరు. మా వైపు మనిషి పోతేనే తీస్తారు, ప్రాణం బయటికి పోవడానికి దారి కావాలని.

"ఎటునుంచన్నారూ?" అనడిగింది పసుపు కోటావిడ.

"అదిగో, ఆ గుట్ట వెనకనుంచి," అన్నాడు వాటీ. మిగతా కథ మొత్తం చెప్పాడు. ముట్టడి చెప్పాడు, నుయ్యి ఎండిపోవడం చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. కిందికి దిగాక, చర్చి చూపించడం తన పనిలో లేకపోయినా, "చర్చి కూడా చూస్తారా?" అని తనే అడిగాడు. చూస్తామన్నారు.

రోడ్డు అతని గేటు ముందునుంచే. మోయ్రా గుమ్మంలో నిలబడి ఉంది.

"వాటీ," అని పిలిచింది.

"వస్తున్నా. వీళ్ళకి చర్చి చూపించేసి వస్తా," అన్నాడు.

వాటీ ఆగకుండా నడిచాడు. తను ఇంట్లోకి అడుగుపెట్టనంతసేపూ నెట్టా లోపల బతికే ఉంటుంది.

చర్చిలో సమాధి మీద రాతిలో చెక్కిన దొర, దొరసాని పక్కపక్కన పడుకుని ఉన్నారు. ఇద్దరికీ ముక్కులు లేవు.

"ఆవిడ ముందు పోయింది. ఆవిడ బొమ్మతోపాటు దొర తన బొమ్మ కూడా చెక్కించి పక్కన పెట్టించుకున్నాడు, బతికుండగానే," అన్నాడు వాటీ.

"పాపం! తర్వాత ఆయనేం చేశాడు?"

ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ మాట రోజూ చెప్పి నవ్వించేవాడు.

"తెలీదమ్మా," అన్నాడు వాటీ.

వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపు మూసి, తాళం వేసి, సరిగా పడిందో లేదో లాగి చూశాడు. ఇంక చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. ఇంటికి నడిచాడు.

వంటింట్లో మోయ్రా టీ కలుపుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రలోనే పోయింది. ఫోన్ చెయ్యబోతే నువ్వు బురుజు మీద కనిపించావు. కిటికీ తీశాను, చూస్తావు కదా అని."

"చూశాను."

మోయ్రా చెంచా తిప్పడం ఆపింది. అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు.

"ఏమన్నా అందా?" అనడిగాడు వాటీ.

"భోజనం డబ్బా మర్చిపోయి వెళ్ళావంది. ఈ మనిషికి నేను లేకపోతే ఎలాగే అంది."

వాటీ పడకగదిలోకి వెళ్ళాడు. గది రాయిలా చల్లబడి ఉంది. నెట్టా జుట్టు ఎవరో దువ్వారు. నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలింది. కోటు విప్పకుండానే మంచం చివర కూర్చున్నాడు. ఎప్పుడూ చల్లబడిపోయే ఆమె పాదాలు పట్టుకుందామని దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ, ఆమె అల్లిన నీలం ఊలు తొడుగులో, వేడినీళ్ళ రబ్బరు సంచి ఇంకా వెచ్చగానే ఉంది.