పదకొండు మంది పిల్లలు

బురద బూట్లు పొయ్యిగట్టు కింద ఆరబెట్టినందుకు ఆ సాయంత్రం మా ఆయనతో గొడవ పెట్టుకున్నాను. వంటింటికీ చెప్పుల స్టాండుకీ తేడా తెలియాలన్నాను. తడి బూట్లతో పొద్దంతా ఏట్లో దిగి కొలతలు తీసేది నువ్వు కాదుగా అన్నారాయన. బఠానీలు ఒలుస్తున్న అత్తయ్య, ఆ బూట్లకూ ఓ కంచం పెట్టేస్తే సరిపోతుందన్నారు.

ఆయన సర్వేయరు. మా వీధి చివరనున్న చిత్తడినేలకి మళ్ళీ ఏటి నీరు అందించే పని మీద ఉన్నారు. పద్నాలుగేళ్ళ క్రితం ఏటికీ చిత్తడికీ మధ్యనున్న పాయను మట్టికట్ట వేసి మూసేశారు. అప్పటి నుంచి చిత్తడి ఏడాదికింత ఎండుతూ వచ్చింది. ఇప్పుడక్కడ తుంగ లేదు, కొంగలు లేవు. నెర్రెలిచ్చిన నేల, పగిలిన సీసాలు. తుంగచాపలు అల్లి అమ్మే ఆవిడ ఇప్పుడు ప్లాస్టిక్ చాపలు మోసుకొస్తోంది. ఆవిడ దగ్గర నేను బేరమాడను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇక కట్టకు గండి కొట్టడమే మిగిలింది. దోమలొస్తాయని మా వీధివాళ్ళు వద్దంటున్నారు. వాళ్ళ దగ్గరున్న ఆధారం ఒక్కటే, ఆనాడు ఆ కట్ట వేయించిన అర్జీ. చిత్తడి దోమల వల్ల పదకొండు మంది పిల్లలు జ్వరాన పడ్డారని అందులో ఉంది. మర్నాడే విచారణ. ఆ మధ్యాహ్నమే మా వీధి రిటైర్డు మేష్టారు వచ్చి, కొత్త అర్జీ కూడా నన్నే రాసిపెట్టమన్నారు. తప్పుల్లేకుండా రాసేది వీధిలో నేనొక్కదాన్నేనట. చూస్తానన్నాను.

పాతది రాసింది నేనే. కొత్తగా కాపురానికొచ్చిన డిగ్రీ పిల్లనని నాకప్పగించారు. నిజానికి జ్వరం వచ్చింది ముగ్గురికి. అదీ కుళాయి పైపు పగిలి మురుగు కలిసిన వారంలో. డాక్టరూ ఆ నీళ్ళనే తప్పుపట్టాడు. కానీ మూడు అన్న అంకె కాగితం మీద మరీ పలచగా కనిపించింది. పది అంటే గుండుగుత్తగా వేసినట్టుంటుందని పదకొండు వేశాను. ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా.

ఆ పిల్లలెవరో కనుక్కోమని మా ఆయన ఆఫీసులో అన్నారట. ఆయన అత్తయ్యనడిగారు. అత్తయ్య వేళ్ళు మడిచారు. దర్జీ కూతురు, మూలింటి కవలలు. మూడో వేలు దగ్గర ఆగిపోయారు.

"నాలుగోవాళ్ళెవరే?" అని నన్నడిగారు.

గుర్తులేదన్నాను. అది రెండో అబద్ధం. కూతురి నోటుబుక్కులో ఒక్క ఒత్తు తప్పితే పేజీ మొత్తం మళ్ళీ రాయించే మనిషిని నేను. ఆ కూతురే పక్కన కూర్చుని, మరి మిగతా ఎనిమిది మందీ ఎక్కడికి పోయారు నానమ్మా అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. కాదని చెప్పేవాళ్ళు లేకపోతే అర్జీలో ఉన్నదే నిలుస్తుంది, కట్ట అలాగే ఉంటుంది అన్నారు. అంటూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత నయంగా ఉండేది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. అన్నంలో చెయ్యి పెట్టలేకపోయాను.

"ఆ ఎనిమిది మందిని నేనే పుట్టించాను," అన్నాను. "ముగ్గురికీ జ్వరం కుళాయి నీళ్ళ వల్ల వచ్చింది. అది తెలిసే రాశాను. రేపు విచారణకు మీతో వస్తాను. అందరి ముందూ చెబుతాను."

అమ్మాయి ముద్ద వదిలేసి నా వైపు చూసింది. ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు నెమ్మదిగా కింద పెట్టారు.

"సంతకాలు పెట్టినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. రేపటి నుంచి ఈ వీధిలో తలెత్తుకు తిరగగలవా?" అన్నారు అత్తయ్య.

"తిరగలేనత్తయ్యా. అయినా చెబుతాను."