చివరి పేజీ ముందు చదివే పిల్ల

దర్జీ అమ్మ కూతురికి ఒక పాడు అలవాటు. నవల చేతికి అందితే చాలు, ముందు చివరి పేజీ తిప్పుతుంది. ఎవరు బతికారో, ఎవరు పోయారో తేల్చుకున్నాకే మొదటి పేజీకి వస్తుంది. "తినకుండానే చెయ్యి కడుక్కున్నట్టుందే నీ చదువు!" అని తల్లి నవ్వేది.

పన్నెండో ఏట మొదలైన ఈ పిచ్చి పద్దెనిమిదికి ముదిరి పాకాన పడింది. బతుకంతా అలాగే తయారైంది మరి! ఈత నేర్చుకోవడానికి వెళ్ళి, మునగనని ఎవరూ హామీ ఇవ్వలేదని మూడు వారాలు ఒడ్డునే కూర్చుని వచ్చేసింది. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదని ఇంటర్వ్యూకే పోలేదు. ఇలాంటి పిల్లని ఏమనాలి చెప్పండి?

ఒక మధ్యాహ్నం తల్లి కుట్టుమిషన్ ముందే కడుపు పట్టుకుని కూలబడింది. లారీ నడిపే తండ్రి ఫోను కలవడం లేదు. పక్కింటాయన కారులో ఆసుపత్రికి చేర్చేసరికి ఆమెకు స్పృహ వస్తూ పోతూ ఉంది.

"అపెండిక్స్. పగిలేలా ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఇక్కడ సంతకం పెట్టమ్మా," అన్నాడు డాక్టరు.

పిల్ల కాగితం అందుకుంది గానీ కలం ముట్టలేదు. "చేస్తే అమ్మ బతుకుతుందా?"

"చాలామంది బతుకుతారు."

"చాలామంది సంగతి కాదు డాక్టరుగారూ, మా అమ్మ!"

"అది ముందే ఎవరూ చెప్పలేరమ్మా. చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పగలను."

సంతకం పెట్టాక అమ్మ పోతే? చేజేతులా చంపినట్టే కదా! కాగితం పట్టుకుని పై అంతస్తుకి పరిగెత్తింది. అక్కడ ఇంకో డాక్టరుని అడిగింది. ఎక్స్‌రే తీసే ఆయన్ని అడిగింది. ఆఖరికి నేల తుడిచే ఆమెని కూడా ఆపి, "ఇక్కడ ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు అందరూ ఇంటికి వెళ్ళారా?" అని అడిగింది. ఆమె పాపం ఏం చెబుతుంది? తలుపు చప్పుడైతే చాలు, పిల్ల అటు తిరిగి చూస్తోంది. మెట్ల మీద కూర్చుని కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కలం మూత తీసి మళ్ళీ పెట్టేసింది.

వెతుక్కుంటూ వచ్చిన నర్సు మండిపడింది. "ఏమ్మా, నీకు జోస్యం కావాలా, అమ్మ కావాలా?"

పిల్ల గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ సంతకం గీకింది. నర్సు కాగితం లాక్కుని ముందే దిగిపోయింది. నలభై నిమిషాలు గడిచిపోయాయి. పిల్ల కిందికి పరిగెత్తేసరికి ఆపరేషన్ గది తలుపులు మూసేశారు.

రెండున్నర గంటల తర్వాత డాక్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "లోపలే పగిలిపోయింది. అంతా కడిగాం. ప్రాణానికి భయం లేదు. కానీ చాలా రోజులు మంచం మీదే ఉండాలి." ఇంకాస్త ముందే సంతకం పెడితే బాగుండేదని ఆయన అనలేదు. అంటే బాగుండునని పిల్లకి అనిపించింది.

మర్నాడు తల్లి కళ్ళు తెరిచింది.

"సంతకం నువ్వే పెట్టావా?"

"అవునమ్మా." వెంటనే పెట్టానన్న అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "వెంటనే పెట్టలేదమ్మా. నలభై నిమిషాలు తిరిగాను. నువ్వు బతుకుతావని ఎవరైనా చెప్తారేమోనని అందర్నీ అడిగాను. నేను పెట్టేలోపే పగిలిపోయిందేమో. చచ్చేంత భయం వేసింది."

కోప్పడుతుందని పిల్ల ఎదురుచూసింది.

"నాకూ భయం వేసిందే," అంది తల్లి సన్నగా. "ఆపరేషన్ గది తలుపు బయట మంచం మీద పడుకోబెట్టారు. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకుంటావని లోపలికి తోసేదాకా చూశాను."