మెట్లకు ఎనిమిది బెజ్జాలు

మా చర్చికి అయిదు మెట్లు. పట్టుకోవడానికి పక్కన ఏమీ లేదు. వానాకాలంలో చేలగట్టు మీద జారి మోకాలు విరిగాక, ఆ అయిదు మెట్లూ మా నాన్నకు ఎక్కలేనివయ్యాయి. ఒక ఆదివారం కుర్రాళ్లిద్దరు కుర్చీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టారు. ఇంకెప్పుడూ అలా ఎత్తొద్దన్నాడు నాన్న. తర్వాతి వారం నుంచి బయట రేకుల పంచలోనే కూర్చోవడం మొదలుపెట్టాడు.

ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం బయటికే తెచ్చారు. నాన్న తల వంచి, "పైకొచ్చినప్పుడు తీసుకుంటానండి" అన్నాడు. మరుసటి నెలా అదే మాట.

నేను కొవ్వూరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నాట్లకీ కోతలకీ వెళ్లి నాన్న చదివించాడు. అందుకే ఈ పని నాదనుకున్నాను. వెల్డింగ్ షాపులో మెట్లకు సరిపడా స్టీలు రెయిలింగ్ చేయించాను. దాని రెండు కాళ్ల కిందా చదరపు రేకులు, రేకుకి నాలుగు బోల్టులు. బిగించే మనిషి మంగళవారం గాని రానన్నాడు. ప్రభు భోజనం ఆదివారం.

శనివారం మధ్యాహ్నం చర్చి పనులు చూసే ఎజ్రా బాబాయి దగ్గరికెళ్లి చర్చి డ్రిల్లు అడిగాను. బ్యాటరీతో నడిచేది. కరెంటోళ్లు లైను పని పెట్టుకోవడంతో సాయంత్రం దాకా చార్జింగ్ లేదు. బ్యాటరీ మీది మూడు చిన్న లైట్లలో రెండు వెలుగుతున్నాయి.

"మంగళవారం దాకా ఆగితే మీ నాన్నకేమన్నా ముహూర్తం దాటిపోద్దేంటమ్మా?" అన్నాడు బాబాయి.

"ఆగి ఆగి రెండు నెలలైందండి బాబాయ్."

నాన్న పంచలో కూర్చుని చూస్తున్నాడు. ఆయన వేలు కూడా కదపకుండా అంతా నేనే చేసి పెట్టాలని నా పట్టుదల.

డ్రిల్లుకి అప్పటికే బెజ్జం తొలిచే ఇనప బిట్ ఒకటి బిగించి ఉంది. దాంతోనే మెట్టు మీద నొక్కాను. బెజ్జం పడలేదు. మాడు వాసన వచ్చింది, బిట్ కొన నీలంగా మారింది. క్రిస్మస్‌కి దూలాలకు నక్షత్రాలు కట్టినప్పుడు పెట్టిన, చెక్కకి వాడే బిట్ అని బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది.

"డిగ్రీలో ఇది చెప్పలేదేంటమ్మా?"

డ్రిల్లు పెట్టెలో వెతికితే కొన దగ్గర బాణం ములికిలా వెడల్పుగా ఉన్న బిట్లు రెండు దొరికాయి, ఒకటి సన్నం, ఒకటి లావు. కాంక్రీటుకి అవే. ఫోనులో చూసినట్టే ముందు బ్యాటరీ తీసేశాను. తర్వాత బిట్‌ను పట్టి ఉంచే చక్ తిప్పబోయాను. కదల్లేదు. చున్నీ చుట్టి తిప్పాను. అరచెయ్యి తోలు లేచిపోయింది గాని అది కదల్లేదు. పైపు రెంచీ పెడదామన్నాడు బాబాయి. చక్ పైన ప్లాస్టిక్ పగిలితే మొత్తం పని ఆగిపోతుందని వద్దన్నాను.

"ఇటు పట్రా అమ్మాయ్" అన్నాడు నాన్న.

"నువ్వు కూర్చో నాన్నా. నేను చూసుకుంటాను."

"కూర్చునే ఉన్నాను కదే. పోయింది మోకాలు. చేతులు కాదు."

డ్రిల్లు పట్టుకెళ్లాను. నాన్న తన చేతికర్ర పిడికి చుట్టుకున్న సైకిలు ట్యూబు ముక్క విప్పి, చక్ చుట్టూ బిగించి చుట్టాడు. ఎటు తిప్పాలన్నాడు. బిట్ నీవైపు పెట్టుకుని ఎడమకి అన్నాను. నేను డ్రిల్లు రెండు చేతులా పట్టుకున్నాను. నలభై ఏళ్లు నారు పీకిన ఆ చెయ్యి ఒక్కసారి మెలిపెట్టింది. కిర్రుమని చక్ వదిలింది. చెక్క బిట్ కింద పడింది.

సన్న బిట్‌ను చక్‌లోని మూడు పళ్ల మధ్య నిటారుగా నిలిపి, నాన్నే బిగించాడు. బ్యాటరీ పెట్టి, డ్రిల్లు మీద సుత్తి బొమ్మ ఉన్న వైపుకి రింగు తిప్పి నొక్కాను. ఈసారి తెల్లటి పొడి లేచింది. సన్న బిట్‌తో ఎనిమిదీ అయ్యాక మళ్లీ నాన్న దగ్గరికి. బెజ్జాలు వెడల్పు చెయ్యడానికి లావు బిట్ మార్చి ఇచ్చాడు. ఆరో బెజ్జం దగ్గర ఒక్క లైటే మిగిలి, అదీ మినుకు మినుకుమంది. తొందరపడి నొక్కబోయాను.

"మెల్లిగా" అన్నాడు నాన్న వెనక నుంచి. తిరిగి చూస్తే పంచలో లేడు. ట్యూబు లేని కర్రతోనే వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. బెజ్జంలో పొడి ఊదేది ఆయన, తొలిచేది నేను. ఎనిమిదోది పూర్తయి బిట్ పైకి లాగాక డ్రిల్లు ఆగిపోయింది.

రెయిలింగ్ నిలబెట్టి బెజ్జాల్లో బోల్టులు దింపాక నట్లు నాన్నే బిగించాడు. ఎజ్రా బాబాయి రెయిలింగ్ పట్టుకుని తన బరువంతా వేసి ఊగి చూశాడు. "నన్ను మోసింది చిట్టియ్యన్నా, నిన్ను మోయదా? ఎక్కి చూడు" అన్నాడు నాన్నతో. నాన్న రేపే ఎక్కుతానన్నాడు.

ఆదివారం మెట్ల దగ్గర కర్ర నా చేతికిచ్చి రెయిలింగ్ పట్టుకున్నాడు. పడతాడేమోనని వెనక చెయ్యి అడ్డం పెట్టాను. తిరిగి చూడకుండానే, "చెయ్యి తియ్యి" అన్నాడు. తీశాను. అయిదు మెట్లూ ఎక్కడానికి ఒక పాటంత సేపు పట్టింది. మోకరించలేక బలిపీఠం ముందు నిలబడే రొట్టె తీసుకున్నాడు.

దిగేటప్పుడు ఎజ్రా బాబాయి, కర్రకి మళ్లీ చుట్టిన ఆ ట్యూబు ముక్క డ్రిల్లు పెట్టెలో ఉంచెయ్యమన్నాడు.

"ఇది నా కర్రది. నీకు ఇంకోటి కోసిస్తాను" అన్నాడు నాన్న. రెండు మెట్లు దిగి మళ్లీ ఆగాడు. "ఆ పెట్టె సాయంత్రం ఇంటికి పంపు ఎజ్రా. బిట్లన్నీ తుప్పు పట్టాయి. నూనె రాసి పెడతాను."