లీబర్ట్ తిన్న రెండో పళ్ళెం

నర్సు థార్ప్, లీబర్ట్ వేలికి సూది గుచ్చి, నెత్తుటి బొట్టును చిన్న మిషనుకు అందించింది. అది చూపించిన అంకెను చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది.

"మాస్ లీబర్ట్, పొద్దున ఏం తింటున్నారు?"

ఆ కొండల్లో పెద్దవాళ్ళ పేరుకు ముందు మాస్, మిస్ అని తగిలించి పిలుస్తారు. జవాబు పక్కనున్న భార్య డెల్రోజ్ చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన్ని అడిగిన ప్రశ్నలకు ఆమే జవాబు చెబుతోంది.

"మొక్కజొన్న పిండి జావ. నేనే కాస్తాను. కాస్త జాజికాయ పొడి, చిటికెడు ఉప్పు. అంతే."

"ఆకుకూర?"

"మా ఇంట్లో ఆకన్నదే లేదు నర్సమ్మా. ఆయన గుండెలో తలుపు, అదే ఆ వాల్వు, మార్చినప్పుడు ఆకుకూరలతో జాగ్రత్త అన్నారుగా. ఆ రోజే పెరట్లో కలలూ కూర మడి మొత్తం పీకి మేకలకు వేశాను."

కలలూ తోటకూరకు సొంత చెల్లెలు. ఉప్పుచేప, ఉల్లిపాయ, బానెట్ మిరపకాయ వేసి కొబ్బరినూనెలో మగ్గబెట్టి, పక్కన ఉడికించిన పచ్చి అరటికాయ పెడితే ఆ కొండల్లో తెల్లవారినట్టు. డెల్రోజ్ మడి పీకడంతో ఆగలేదు. ఆకుపచ్చగా కనబడిన ప్రతిదానికీ ఇంట్లో నీళ్ళు పుట్టకుండా చేసింది. అరటికాయ పోయింది, దోసకాయ పోయింది, నిమ్మకాయ కూడా పసుపెక్కితే గాని గడప దాటి లోపలికి రాలేదు.

"మీ ఇంట్లో లేకపోతే ఇంకెవరింట్లోనో ఉంది" అంది నర్సు. "ఆయన వేసుకునే మందు నెత్తుటిని పలచన చేస్తుంది. ఆకుకూరలో ఉండే విటమిన్ కె దాన్ని మళ్ళీ చిక్కబరుస్తుంది. పోయినసారి వానల్లో వచ్చినప్పుడు ఈయన నెత్తురు నీళ్ళలా ఉంది. ఇవాళ బెల్లప్పాకంలా ఉంది, మందు పెంచక తప్పదు. జావ తాగేవాడి లెక్క కాదిది."

తెర అవతల బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్న వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో గొంతు తగ్గించకుండానే అడిగారు: "మాస్ లీబర్ట్, ఆ కూర వండే ఆవిడకో చెల్లెలుందా?"

బల్ల బల్లంతా నవ్వింది. డెల్రోజ్ మెడ నిటారుగా నిలబెట్టింది.

నర్సు మాత్రం నవ్వలేదు. "నేను మందు పెంచుతాను, ఈయన కూర మానేస్తాడు, నెత్తురు కారితే ఆగదు. తగ్గిస్తాను, కూర తింటాడు, ఆ తలుపు దగ్గర గడ్డ కడుతుంది. గడ్డ పడి తలుపు బిగుసుకుపోతే ఇక్కడిదాకా తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండదు మిస్ డెల్రోజ్. వచ్చే పరీక్షలోగా ఆ కంచం ఎక్కడుందో నాకు తెలియాలి."

"దొరికితే ఆ కంచాన్ని గెడ్డ నీళ్ళలో విసిరేస్తాను!"

"విసరకండి. అసలు పూర్తిగా మానెయ్యమని ఎవరన్నారు మీకు? రోజూ ఒక్కలాగే తినమన్నాం. దొరికితే ఎంత తింటున్నాడో చూసి, నాకు చెప్పండి. మందును నేను ఆ కూరకు సరిపెడతాను."

ఆ చివరి మాటలు డెల్రోజ్ చెవిలో పడ్డాయి గాని లోపలికి దిగలేదు. లోపల అప్పటికే ఇంకో ఆడమనిషి పొయ్యి రాజేసి, గరిటె పట్టుకుని కూర్చుని ఉంది.

లీబర్ట్ గుండెలో పెట్టిన తలుపు లోహపుది. ఇల్లు సద్దుమణిగితే గోడ గడియారంలా టిక్కు టిక్కుమని వినిపించేది. ఆ సాయంత్రం వరండాలో డెల్రోజ్ కుర్చీని ఆయన కుర్చీకి ఆనించి వేసుకుంది.

"ఎవరావిడ?"

"ఎవరూ లేరు డెల్."

టిక్కు టిక్కు కాస్త వడి అందుకుంది. డెల్రోజ్ ఆయన ఛాతీకి చెవి ఆనించింది.

"కూరలో ఉప్పుచేప వేస్తుందా?"

"ఏ కూర?"

టిక్టిక్టిక్.

"వేస్తుందన్నమాట. కొబ్బరినూనా, వెన్నా?"

"నా గుండెను అడగడం మానేసి నన్నడుగు" అన్నాడు లీబర్ట్ దీనంగా.

"నిన్నడిగితే అబద్ధాలొస్తాయి. అదైతే డబ్బులు పోసి కొన్న సరుకు."

మర్నాటి నుంచి కొత్త సోదా మొదలైంది. రోజూ పొద్దున్నే లీబర్ట్ మూత క్యానులో జావ పట్టుకుని కొండెక్కుతాడు. కొండ మీద ఒంటరిగా ఉండే అత్తగారు మిస్ ఇసిల్డాకు అది ఇచ్చి వస్తాడు. కిందికి రమ్మంటే ఆవిడ రాదు. ఆవిడ రక్తపోటుకు జావ, అల్లుడి గుండెకు నడక, ఒక్క దారిలో రెండు పనులని డెల్రోజ్ చేసిన ఏర్పాటది. ఇప్పుడాయన తిరిగి రాగానే గుమ్మంలోనే నిలబెట్టి, "నవ్వు" అనేది. పళ్ళ సందున ఆకు ముక్క దొరుకుతుందేమోనని.

దొరకలేదు. దొరకకపోవడమే ఆమెకు అనుమానమైంది. పండక్కి కూడా కడగని కట్టుడుపళ్ళు ముత్యాల్లా మెరుస్తున్నాయి. దారిలో కుళాయి దగ్గర ఎవరి కోసం కడుగుతున్నట్టు?

దారి మలుపులో మిస్ వినెట్ కలలూ కట్టలు అమ్ముతుంది. మొగుడు లేడు, నోరుంది, నడుముంది. డెల్రోజ్ టోపీ పెట్టుకుని, చర్చికి వేసుకునే బూట్లు వేసుకుని వెళ్ళి ఆవిడ బల్ల ముందు నిలబడింది.

"నా మొగుడికి పొద్దున పూట కూర పెడుతున్నది నువ్వేనా?"

వినెట్ కట్టల మీద నీళ్ళు చల్లడం ఆపలేదు. "మాస్ లీబర్ట్‌కా? పళ్ళు కొన్నవి. గుండె తలుపు కొన్నది. దేవుడిచ్చింది ఏం మిగిలిందని నేను పొయ్యి ముట్టించాలమ్మా?"

"నాలుక మిగిలింది. అదే తిరుగుతోంది."

"తిరిగితే తిరగనీ. నా బల్ల దగ్గర మాత్రం ఆగట్లేదు. పోయేటప్పుడు క్యాను బరువుగా పట్టుకుని, ఏడుపు మొహంతో పోతాడు. వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వస్తాడు." వినెట్ అప్పుడు తలెత్తింది. "నువ్వు వెతకాల్సింది దారి మధ్యన కాదే, దారి చివర."

దారి చివర ఉన్నది ఒక్కటే ఇల్లు. డెల్రోజ్‌కు కోపం ఎంత ఎక్కువైందంటే ఆ మాట అర్థం కావడానికి ఇంటిదాకా నడవాల్సి వచ్చింది. అర్థమయ్యాక కూడా నమ్మకం కుదరలేదు.

మర్నాడు లీబర్ట్ బయల్దేరిన కాసేపటికి ఆమె కూడా కొండెక్కింది. తల్లి పెరట్లోకి వెళ్ళే దారిలో మొదట కనబడింది కుక్క. ఎముకల గూడులా ఉండాల్సిన కొండ కుక్క గుమ్మడికాయలా దొర్లిపడి ఉంది. లేచి మొరగడానికి ప్రయత్నించి, ఆ ప్రయత్నం విరమించుకుంది. డెల్రోజ్ బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు చాటున ఆగింది.

పొయ్యి దగ్గర పీట మీద లీబర్ట్ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. పళ్ళెం నిండా నిగనిగలాడే కలలూ, మధ్యమధ్య ఉప్పుచేప, పక్కన పచ్చి అరటికాయలు. మిస్ ఇసిల్డా గరిటెతో ఇంకాస్త వడ్డిస్తోంది.

"మెల్లగా తిను నాయనా. ఎవరూ తరమట్లేదు."

"జావ ఏం చేద్దాం అత్తమ్మా?"

"రోజూ అడుగుతావేం? కుక్కకు పోసెయ్. నాకు పళ్ళు పోయాయి గాని రుచి పోలేదు."

"అమ్మా!" డెల్రోజ్ చెట్టు చాటు వదిలి ముందుకొచ్చింది.

లీబర్ట్ పళ్ళెం మీద తన టోపీ బోర్లించాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు కళ్ళు కూడా మూసుకున్నాడు. ఆయన గుండె టిక్కులు కోళ్ళకు కూడా వినబడి ఉంటాయి.

ఇసిల్డా మాత్రం తొణకలేదు. "అరవకే. కోళ్ళు గుడ్లు పెట్టే వేళ."

"ఊరంతా నా మొగుడికి ఇంకో ఆడది ఉందనుకుంటోంది! వినెట్‌తో గొడవేసుకుని వచ్చాను. తీరా చూస్తే ఆ ఆడది నువ్వా?"

"అల్లుడు గుమ్మంలోకి వస్తే నీళ్ళ జావ చూపించి పంపమంటావా? మీ నాన్న పోయిన నాటి నుంచి ఈ పొయ్యి మీద ఒక్కదానికే వండుకుంటున్నాను. ఇతనైతే అడిగి వేయించుకుంటాడు. నీ చేతి కలలూ ఎలాగూ జిగురే."

"జిగురా? నాదా?" ఆ మాట దగ్గర డెల్రోజ్ వచ్చిన పని మరిచిపోబోయింది. మళ్ళీ గుర్తుతెచ్చుకుంది. "అమ్మా, విను. ఆ కూర ఆయన నెత్తుటిని చిక్కబరుస్తుంది. నర్సు అది చూసి మందు పెంచుతుంది. ఇంతలో వాన పడి గెడ్డ పొంగితే ఈయన నీ దగ్గరికి రాలేడు, కూర ఉండదు, మందు మాత్రం ఉంటుంది. పోయిన వానల్లో గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడింది. తువ్వాలు తడిసిపోయింది, నెత్తురు ఆగలేదు. తగ్గిస్తే గుండెలో గడ్డ కడుతుందట. గడ్డ కడితే ఆయన..."

డెల్రోజ్ టోపీ కింది పళ్ళెం వైపు వేలు చూపించింది.

ఇసిల్డా గరిటెను కుండ మీద అడ్డంగా పెట్టింది. అల్లుడి వైపు చూసింది. "తువ్వాలు సంగతి నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే కూర ఆపేస్తావని" అన్నాడు లీబర్ట్, టోపీ వంక చూస్తూ.

ముసలావిడ చటుక్కున టోపీ ఎత్తి, పళ్ళెం లాక్కుంది. "అయిపోయింది. ఇవాళ్టితో సరి. మడి పీకేస్తాను. నా చేత్తో నేను..."

అప్పుడు నర్సు చెప్పిన చివరి మాటలు డెల్రోజ్ లోపలికి దిగాయి. ఇప్పుడాయన మింగుతున్న మందు ఈ కూరను చూసి పెంచిన మందు. కూర ఒక్కసారిగా ఆపేస్తే మళ్ళీ తువ్వాలే.

"ఆపకమ్మా!" ఆమె కూడా పళ్ళెం అంచు పట్టుకుంది. "పెట్టు. ఆయనకు పెట్టు."

ఇసిల్డా కూతుర్ని ఎగాదిగా చూసింది. "పెట్టనా? ఇంకోసారి అను."

"పెట్టు. రోజూ పెట్టు. ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఒకే గరిటె, ఒకే కొలత. వాన రోజు కూడా మానడానికి లేదు."

"వాన రోజు గెడ్డ ఎలా దాటతాడు?"

డెల్రోజ్ ఈ మాట అనడానికి చాలా ఇబ్బంది పడింది. "వానలు మొదలవగానే నువ్వే కిందికి రా. మా వంటింట్లో వండు."

"జావ తాగమంటావా?"

"తాగొద్దు."

"నా గరిటె, నా కుండ నేనే తెచ్చుకుంటాను. నేను వండేటప్పుడు నువ్వు మూత తీసి చూడకూడదు."

"చూడను."

ఇంతలో లీబర్ట్ రెండు చేతులూ పళ్ళెం కింద చాపి, "ఇంకో అర గరిటె?" అన్నాడు.

"కుదరదు!" అన్నారు తల్లీకూతుళ్ళు ఒక్క గొంతుతో. చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డం అదే మొదలు.

ఆ రోజే డెల్రోజ్ ఆ గరిటెడు కొలతను నర్సుకు చెప్పి వచ్చింది. మందు ఆ కూరకు సరిపడింది. తర్వాతి పరీక్షలో మిషను చూపించిన అంకెను చూసి నర్సు థార్ప్ తల ఊపింది. ఆ పై పరీక్షలోనూ అదే అంకెకు దగ్గరగా వచ్చింది.

"కంచం ఎక్కడుందో తెలిసిందన్నారు గాని, ఎవరిదో చెప్పలేదు" అంది నర్సు, ఈసారి గొంతు తగ్గించి. తెర అవతల బల్ల ఊపిరి బిగబట్టింది.

డెల్రోజ్ బల్లకు వినబడేలా చెప్పింది. "ఆవిడ నాకు బాగా తెలుసు. నోరు మంచిది కాదు గాని కూర బాగా వండుతుంది. వానలు పట్టాక ఆవిడ మా ఇంటికే వచ్చేస్తోంది. నేనే పిలిచాను."

తెర అవతల ఎవరో "ఏసయ్యా!" అన్నారు. లీబర్ట్ ఏదో చెప్పబోయాడు. డెల్రోజ్ ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. కొండ మీద మబ్బు పట్టింది. గెడ్డ పొంగకముందే వెళ్ళి ముసలావిడను, ఆవిడ కుండను, రేపటికి సరిపడా ఆకును కిందికి చేర్చుకోవాలి.