మడ అడవిలో నీళ్ళ వంతు

నందిగామలో ఎరువుల కొట్టు నడిపే సతీష్‌బాబు, తన దగ్గర విత్తనాలూ మందులూ కొనే రైతుల్ని ఏడాదికోసారి బస్సెక్కించి ఎటో ఒకవైపు తిప్పుకొస్తాడు. ఈసారి నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవిలో పడవ ప్రయాణం అన్నాడు. నేను రానన్నాను. మిర్చి తోట పూత మీద ఉంది. సాగర్ కాలువలో నీళ్ళు లేక సాళ్ళు నెర్రెలిచ్చాయి. నా భార్య రాఘవమ్మ మాత్రం అప్పటికే రెండు చీరలు మడతపెట్టి సంచిలో పెట్టేసింది.

“నీళ్ళు ఎల్లుండి గాని రావని కాలువ లస్కరు చెప్పాడుగా. ఒక్క రోజు నువ్వు కనపడకపోతే చేనేమీ బెంగపెట్టుకోదులే” అంది.

వెళ్ళాను.

మా ఊరు వత్సవాయి పక్కన, కాలువ చివర. నీటి వంతుకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిల్లకాలువలోకి నీళ్ళు దిగినప్పుడు ఎవరి వంతయితే వాళ్ళ తరఫు మనిషి తూము దగ్గర పార పట్టుకుని నిలబడాలి. మనిషి లేకపోతే వంతు తరవాతవాడికి పోతుంది. పెళ్ళికి వెళ్ళావా, ఆస్పత్రికి వెళ్ళావా అని ఎవరూ అడగరు. మళ్ళీ తిరిగి వంతు వచ్చేలోగా పైన కాలువ కట్టేస్తారు. నా తరవాత వంతు రత్నబాబుది. మా రెండు చేలకూ మధ్య గట్టు ఒకటే. ఆ గట్టును ఎవరు లోపలికి దున్నారన్న దాని మీద రెండేళ్ళుగా మాకు మాటల్లేవు. అంతకు ముందు బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

పడవలో మాకు అడవి చూపించే అమ్మాయి పేరు సూసన్. అక్కడి లంక పిల్లే. ఇంజను దగ్గర జయరాజ్ అని ఒకతను కూర్చున్నాడు. అతను ఎక్కిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. నాకు నచ్చాడు.

నది వదిలి పాయలోకి తిరిగాక చెట్లు రెండువైపుల నుంచీ దగ్గరకొచ్చాయి. ఎండ ఆకుల మధ్యనుంచి చిల్లర చిల్లరగా పడుతోంది. బురదలోంచి వేళ్ళు పైకి లేచి మేకులు నాటినట్టు నిలబడి ఉన్నాయి. వాటి సందున జానెడు లేని చేపలు రెక్కలతో నేల మీద పాకుతున్నాయి. చేప నేల మీద పాకడం నేను చూడ్డం అదే.

“ఆ వేళ్ళు గాలి పీలుస్తాయండి. బురదలో ఊపిరాడదు కదా, అందుకని పైకొస్తాయి” అంది సూసన్.

“మా నల్లరేగట్లో నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే పత్తి ఊపిరాడక చస్తుందమ్మా. దానిక్కూడా కాస్త నేర్పరాదూ” అన్నారు వెనకనుంచి ఎవరో. పడవంతా నవ్వింది.

మధ్యాహ్నం ఒక చెక్క వంతెన దగ్గర పడవ ఆపారు. “పాటు జోరందుకుంటోందండి. నీళ్ళు తీసేలోగా వెనక్కి తిరగాలి. గబగబా తినేయండి” అని సూసన్ చెప్పింది. మేమేమో బారుగా బంతి కూర్చున్నాం. మావైపు బంతిలో చివరి మనిషి చెయ్యి కడిగేదాకా ముందువాళ్ళు లేవరు. లేస్తే తినేవాళ్ళని అవమానించినట్టు. సతీష్‌బాబు పులిహోర, గోంగూర, కోడి వేపుడు తెచ్చాడు. చిల్లకల్లు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు పెరుగు రెండోసారి అడిగారు. ఆయన తిన్నంతసేపూ అందరం కూర్చున్నాం. సూసన్ నీళ్ళ వంక చూస్తూ, మా వంక చూస్తూ అటూ ఇటూ తిరిగింది.

“అయ్యా, పాటు మన కోసం ఆగదండి” అంది.

“ఎక్కడికి పోతాయమ్మా ఇన్ని నీళ్ళు?” అన్నాను నేను.

తిరుగుదారిలో రెండు వంకలు దాటామో లేదో, పడవ అడుగు గరగరలాడి ఆగిపోయింది. జయరాజ్ ఇంజను ఆపేశాడు. చూస్తూ ఉండగానే ఒడ్డు తడి చారలు చారలుగా పైకి తేలింది.

“ఎవరో పైన గేటు మూశారు” అన్నాను.

“గేటేంటండీ?”

“పైన ఎవరిదో తూము ఉండుంటుంది. ఫోన్ చేసి కాసేపు తియ్యమను.”

సూసన్ నా మొహం చూసి, నేను హాస్యమాడటం లేదని తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇది సముద్రం తీసుకున్న నీళ్ళండి. ఆయనకి లస్కర్లు లేరు. పోటు వచ్చినప్పుడు ఆయనే ఇస్తాడు. సాయంత్రం అవుద్ది.”

అందరూ సర్దుకున్నారు. కొందరు ఒరిగి కళ్ళు మూసుకున్నారు. అప్పుడే నా ఫోను మోగింది. మా లస్కరు.

“బుల్లిబాబు గారూ, నీళ్ళు ముందే వదిలారండి. పొద్దు వాలేసరికి మన పిల్లకాలువకి దిగుతాయి. మొదటి వంతు మీదే. మనిషిని నిలబెట్టుకోండి.”

ఇంట్లో మనిషి లేడు. ఉన్న ఇద్దరం బురద మీద కూర్చున్నాం. ఈ తడి పడకపోతే పూతంతా రాలిపోతుంది. రెండో కోత మాట అటుంచు, మొదటి కోతకే కాయ ఉండదు.

నేను పంచె ఎగగట్టాను. చెలకలో ట్రాక్టరు దిగబడితే కంప నరికి టైరు కింద వేస్తాం, నలుగురం భుజం పెడతాం, లేస్తుంది. ఎన్నిసార్లు లేపలేదు! చేతికందిన మడ కొమ్మ మీద చెయ్యి వేశాను.

“కొమ్మ విరవకూడదండీ! ఇది అడవి” అని సూసన్ అరిచింది.

“సరే, విరవను. తోస్తా.”

“దిగకండి, నా మాటినండి…”

దిగాను. మా రేగడి మోకాలు దాకా లోపలికి పోతే కింద గట్టి నేల తగులుతుంది. దీనికి అడుగు లేదు. నడుం దాకా వెళ్ళాను. అయినా పడవ అంచుకి భుజం ఆనించి తోశాను. పడవ కదల్లేదు, నేనే ఇంకాస్త కిందికి పోయాను. మళ్ళీ తోశాను. జయరాజ్ చంకల కింద చేతులు వేసి నన్ను పైకి లాగాడు. ఒక చెప్పు అడవికి వదిలేశాను.

“ఇక్కణ్ణుంచి పడవ భుజం మీద మోసుకెళ్ళినా చీకటిపడేలోగా వత్సవాయి చేరవు” అంది రాఘవమ్మ. కొంగుతో నా మొహం మీది బురద తుడుస్తోంది. “రత్నబాబన్నయ్యకి ఫోన్ చెయ్.”

“చెయ్యను.”

“వంతు నీ తరవాత ఆయనదే. ఆయనే వచ్చి నీ తరఫున నిలబడితే కాదనేవాడు ఊళ్ళో ఎవడున్నాడు?”

“నేను లేకపోతే ఆ నీళ్ళు వాడివి. ఎందుకు నిలబడతాడు?”

“ఎందుకు నిలబడతాడో ఆయన్నడుగు. నన్నడిగితే నాకేం తెలుసు?”

నేను బురద వైపు చూస్తూ కూర్చున్నాను. పీత ఒకటి బొరియలోంచి వచ్చి, నన్ను చూసి, లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. గట్టు సంగతి గట్టుదే. దాని మీద ఒక్క మాట కూడా తగ్గను. కానీ పూత రాలనివ్వను. రెండూ వేరు. అలా అనుకున్నాక ఫోను తీశాను.

“ఎవరు?” అన్నాడు రత్నబాబు.

“నేనే.”

“నేనంటే?”

“బుల్లిబాబుని.”

“ఆ, చెప్పండి” అన్నాడు.

బావా అన్నవాడు ‘అండి’ అనేసరికి నాకు కాలింది. అయినా చెప్పాను. పడవ దిగబడింది, రాలేను, వంతు నాది, నిలబడమని. ప్రాధేయపడలేదు. గట్టు మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

“నిలబడకపోతే?” అన్నాడు.

“నీళ్ళు నీవి. అది నాకూ తెలుసు. తెలిసే అడుగుతున్నా.”

అతను గొంతు పెంచి, “చేలోకి మడవ తూర్పు నుంచి తియ్యాలా, పడమట నుంచా?” అన్నాడు.

“పడమట నుంచి. అక్కడ మెరక.”

“మెరకైతే ముందు పల్లం తడిపి పైకెక్కించాలి గానీ, పడమట నుంచేంటి? ఎవరన్నా నవ్వుతారు.”

“నా చేను నాకు తెలుసు.”

“తెలిస్తే పడవెక్కి ఎందుకు పోయావ్? నీళ్ళు చూడ్డానికా? ఇక్కడ లేక?”

రాఘవమ్మ పకపకా నవ్వింది. ఫోను స్పీకరులో ఉందని నాకు అప్పుడు తెలిసింది. పడవలో నిద్రపోతున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. ఒకరు పడమర అన్నారు, ఒకరు పల్లం అన్నారు. పెరుగు పెద్దాయన, “రెండు మడవలూ సగం సగం తియ్యమను” అన్నారు. రత్నబాబు అక్కణ్ణుంచి, “ఎవరాయన? ఆయనొక్కడికే బుర్రుంది” అన్నాడు.

పొద్దు వాలింది. పిల్లకాలువకి నీళ్ళు దిగాయి. రత్నబాబు తూము దగ్గరుండి మళ్ళీ ఫోన్ చేశాడు. ఒక్కో సాలు తడిసినప్పుడల్లా చెబుతున్నాడు. ఎక్కడో ఎలుక బొరియలోకి నీళ్ళు పోతుంటే నన్ను తిట్టాడు. బొరియ పూడ్చాక ఎలకని తిట్టాడు. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే సతీష్‌బాబు తన ఫోను ఇచ్చాడు. ఇక్కడే రెండు గీతలు సిగ్నల్ ఉందనీ, వంక తిరిగితే నది దాకా ఉండదనీ సూసన్ చెప్పింది.

ఇటు వేళ్ళ సందుల్లో నీళ్ళు మెల్లగా కదిలాయి. ఆకులు, నురుగు, ఒక ఎండు కాయ, అన్నీ పోయిన దారినే వెనక్కి వస్తున్నాయి. పడవ కొంచెం ఒరిగి, ఒరిగినవైపు నుంచి లేచి, సమంగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. జయరాజ్ ఇంజను తాడు చేతిలోకి తీసుకున్నాడు.

“ఆపు బాబూ” అన్నాను.

సూసన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. “మధ్యాహ్నం నుంచీ కదల్చు కదల్చు అని నా ప్రాణం తీశారు కదండీ! చీకటి పడేలోగా నది దాటాలి.”

“దాటుదాం తల్లీ. మెరక మీద సాళ్ళు ఇంకా తడవలేదు. నీళ్ళు అక్కడికి ఎక్కడం నేను వినాలి.”

“బస్సు డ్రైవరు ఊరుకోడు బుల్లిబాబూ” అన్నాడు సతీష్‌బాబు.

“నేను మాట్లాడతా డ్రైవరుతో. ముందు ఇది కానీ.”

జయరాజ్ నా వంక చూశాడు. తాడు కింద పెట్టి, పడవ కొట్టుకుపోకుండా ఒక మడ వేరును చేత్తో పట్టుకున్నాడు. విరవలేదు, ఊరికే పట్టుకున్నాడు.

“ఎక్కుతున్నాయా?” అన్నాను ఫోన్లో.

“ఎక్కుతున్నాయి, ఎక్కుతున్నాయి. కాస్త ఓపిక పట్టు” అన్నాడు రత్నబాబు. అతని కాళ్ళ కింద నా చేలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.